సినాప్సిస్ సందేహాలు

పీహెచ్‌డీ ప్రవేశాలకూ, ఎం.ఏ. చివరి ఏడాది సిద్ధాంత వ్యాసాలకూ ప్రతిపాదనలు సిద్ధం చేసుకుంటున్న పాఠకుల నుంచి ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒకరి ప్రశ్నను మాత్రమే తీసుకున్నాను. ఈ పత్రాన్ని మన విశ్వవిద్యాలయాల్లో కొందరు ప్రపోజల్ అంటారు, కొందరు సినాప్సిస్ అంటారు. పరిశోధన ముగిశాక సమర్పించే సంగ్రహానికి కూడా సినాప్సిస్ అన్న పేరే ఉండడం వల్ల కొంత తికమక కలుగుతున్నది. ఇక్కడి జవాబులన్నీ పరిశోధన మొదలుపెట్టక ముందు రాసే పత్రం గురించే.

ప్రశ్న: ‘హైదరాబాద్ నగర నీటి వ్యవస్థ: ఒక చారిత్రక అధ్యయనం’ అనే శీర్షికతో చరిత్ర శాఖకు ప్రతిపాదన ఇచ్చాను. అంశం మరీ విస్తృతంగా ఉన్నదని కమిటీ వెనక్కి పంపింది. కుతుబ్‌షాహీల కాలాన్ని వదిలి అసఫ్‌జాహీల కాలానికి పరిమితం చేసినా మళ్లీ అదే మాట అన్నారు. ఇంకా ఎంత కుదించాలి?
— ఒక పరిశోధక విద్యార్థిని, విద్యానగర్

జవాబు: మీరు రెండుసార్లూ కమిటీ ముందు పెట్టింది విషయం; వారు అడుగుతున్నది ప్రశ్న. విషయాన్ని ఎంత చెక్కినా అది చిన్న విషయం అవుతుందే తప్ప ప్రశ్న కాదు. ఇప్పటికి జవాబు తెలియనిదీ, వెతికితే తెలిసే వీలున్నదీ, తెలిసిన తరువాత ఆ రంగంలోని వారు తమ అభిప్రాయాన్ని కొంతైనా సవరించుకోవలసి వచ్చేదీ పరిశోధన ప్రశ్న అవుతుంది. ఈ మూడింటిలో రెండోదాన్ని మన విద్యార్థులు తరచు మరచిపోతారు.

మీ విషయంలో నుంచే ఉదాహరణ తీసుకుందాం. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద, మరుసటి ఏడాది ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య హైదరాబాదుకు రావడం, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడడం, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి కావడం, ఈ వరుస మీ కమిటీలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నవారి కథ కూడా తెలుసు. తెలిసిన వరుసను మళ్లీ చెప్పడానికి ఎవరూ మూడేళ్లు ఇవ్వరు. అయితే ఆ వరుసలో ఎక్కడో ఒకచోట ఆగి, అక్కడ ఏం జరిగి ఉంటుందని అడిగితే సంగతి మారిపోతుంది.

వరదను ఆపాలంటే జలాశయంలో ఖాళీ ఉండాలి. నగరానికి తాగునీరు ఇవ్వాలంటే అదే జలాశయం నిండుగా ఉండాలి. ఈ రెండు అవసరాలకూ కట్టిన ఉస్మాన్‌సాగర్‌లో ఎంత మేరకు నింపాలో, ఎంత మేరకు ఖాళీ ఉంచాలో ఎవరు నిర్ణయించారు, ఏ లెక్కన నిర్ణయించారు, నీళ్లు తక్కువ పడిన ఏడాది ఆ లెక్క ఏమైంది? ఇది ఒక ప్రశ్న. వరద తరువాత నది ఒడ్డు నుంచి కదిలిన పేద కుటుంబాలు ఏ మొహల్లాలకు చేరాయి, బోర్డు వేసిన ప్రణాళికలు వారిని లెక్కలోకి తీసుకున్నాయా? ఇది మరొకటి. కొళాయి నీరు వచ్చాక తోలు సంచులతో ఇంటింటికీ నీళ్లు పోసిన భిస్తీల బతుకుతెరువు ఏమైంది? ఇది మూడోది, నా మనసుకు అన్నిటికన్నా నచ్చినది కూడా. ఈ మూడూ మీ విషయం లోపలివే, కానీ ఒక్కొక్కదానికి చూడవలసిన ఆధారాలు వేరు, కావలసిన శిక్షణ వేరు, ముగిసే చోటు వేరు.

వీటిలో ఏది ఎంచుకోవాలన్నది మీ ఇష్టాన్ని బట్టి కాక, ఆధారాలను బట్టి తేలాలి. మొదటి ప్రశ్నకు ఇంజినీర్ల నివేదికలు కావాలి. అవి ఇంగ్లీషులో దొరికే అవకాశం ఎక్కువ. రెండోదానికి తార్నాకలోని రాష్ట్ర పత్రాగారంలో, అంటే మనం స్టేట్ ఆర్కైవ్స్ అనే చోట, దస్త్రాలు తిరగేయాలి. ఆ కాలం నాటికి నిజాం ప్రభుత్వ పాలనాభాష ఉర్దూ కనుక, చేతిరాత ఉర్దూ చదవడం మీకు వచ్చా రాదా అన్నది ముందుగా మీకు మీరు చెప్పుకోవలసిన నిజం. రాకపోతే తప్పేమీ లేదు. మొదటి ఏడాది నేర్చుకుంటానని కాలపట్టికలో చూపండి, లేదా ఉర్దూ అవసరం తక్కువగా ఉండే ప్రశ్నను ఎంచుకోండి. మూడోదానికి జనాభా లెక్కల్లోని వృత్తుల పట్టికలు ఆరంభానికి పనికివస్తాయి; 1901, 1911, 1921 సంవత్సరాల సంపుటాలను పక్కపక్కన పెట్టి చూస్తే వరదకు ముందూ వెనకా కొంత తేడా కనిపించవచ్చు. అయితే పేదవాడు ప్రభుత్వ కాగితంలో కనిపించేది పన్ను కట్టవలసినప్పుడో, జీతం తీసుకున్నప్పుడో, అతనిపై ఫిర్యాదు వచ్చినప్పుడో మాత్రమే. కనుక ఆ ప్రశ్నను ఎంచుకుంటే ఆధారాల కొరతను ఎలా ఎదుర్కొంటారో ప్రతిపాదనలోనే చెప్పవలసి ఉంటుంది.

అందుకని ప్రతిపాదన మళ్లీ రాసే ముందు ఒక వారం పాటు తార్నాకకూ, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికీ వెళ్లి రండి. 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలైన ఆ సంస్థలో మీకు కావలసిన పాత నివేదికలు ఏవి ఉన్నాయో, ఏవి చదవగలిగే స్థితిలో ఉన్నాయో చూసి రాసుకోండి. ‘ప్రాథమిక ఆధారాలను ఉపయోగిస్తాను’ అన్న వాక్యం ఏ కమిటీనీ ఒప్పించదు. ‘ఫలానా శాఖకు చెందిన ఫలానా ఏళ్ల దస్త్రాల జాబితా చూశాను, వాటిలో ఇన్ని నా ప్రశ్నకు సంబంధించినవి’ అన్న వాక్యం ఒప్పిస్తుంది. నా విద్యార్థి రోజుల్లో నేను ‘ఆధునిక తెలుగు నవలలో స్త్రీ’ అని ప్రతిపాదన ఇస్తే, మా గురువుగారు ఎర్రసిరాతో మార్జినులో ‘ఏ నవల? ఏ స్త్రీ?’ అని రాసి తిప్పి పంపారు. అప్పుడు కోపం వచ్చింది. ఆరు నెలలు గ్రంథాలయంలో కూర్చున్న తరువాత ఆ రెండు చిన్న ప్రశ్నలకు జవాబు రాశాను, అదే నా సిద్ధాంత గ్రంథం మొదటి అధ్యాయం అయింది.

ప్రశ్న: నా అంశంపై ‘ఇంతవరకు ఎవరూ పరిశోధన చేయలేదు’ అని రాశాను. కమిటీలో ఒక ఆచార్యులు వెంటనే రెండు సిద్ధాంత గ్రంథాల పేర్లు చెప్పారు. పూర్వ పరిశోధనల సమీక్షను ఎంతవరకు చేయాలి?
— ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఆ వాక్యాన్ని ప్రతిపాదనల్లో నుంచి పూర్తిగా తొలగించమని నేను చాలాకాలంగా చెబుతున్నాను. అది నిజమైనా మీకు మేలు చేయదు, ఎందుకంటే ఎవరూ చేయకపోవడానికి ఆ అంశంలో చేయదగింది లేకపోవడం కూడా ఒక కారణం కావచ్చు. అబద్ధమైతే మీరు వెతకలేదని అక్కడికక్కడే తేలిపోతుంది, మీకు జరిగింది అదే.

దేశంలోని విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ ‘శోధ్‌గంగ’ అనే భాండాగారంలో భద్రపరుస్తున్నది. ఇంకా పరిశోధన జరుగుతున్న అంశాల ప్రతిపాదనల కోసం ‘శోధ్‌గంగోత్రి’ అని మరొకటి ఉన్నది. రెండూ ఉచితమే. తెలుగు శీర్షికలు అక్కడ ఒక్కోసారి తెలుగు లిపిలో, ఒక్కోసారి రోమన్ లిపిలో, అదీ రకరకాల వర్ణక్రమాలతో ఉంటాయి కనుక ఒకే పదాన్ని నాలుగైదు విధాలుగా టైపు చేసి వెతకాలి. పాత గ్రంథాలు అన్నీ అందులోకి ఎక్కలేదు. వాటి కోసం ఉస్మానియా, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, తెలుగు విశ్వవిద్యాలయం గ్రంథాలయాలకు స్వయంగా వెళ్లక తప్పదు. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రాన్నీ, సుల్తాన్ బజారులో 1901 నుంచి నడుస్తున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్నీ కూడా మీ జాబితాలో చేర్చుకోండి, ముఖ్యంగా పాత పత్రికలు మీ పనికి అవసరమైతే.

ఇక దొరికినవాటితో ఏం చేయాలన్నది అసలు సంగతి. ‘ఫలానావారు 1985లో ఇలా అన్నారు, ఫలానావారు 1992లో ఇలా అన్నారు’ అంటూ ఒక్కో గ్రంథానికి ఒక్కో పేరా చొప్పున పేర్చుకుంటూ పోతే అది గ్రంథాల జాబితాకు కాస్త పొడిగింపు మాత్రమే. ఒకే ప్రశ్నపై వారిలో ఎవరు ఎవరితో ఏకీభవిస్తున్నారు, ఎక్కడ విభేదిస్తున్నారు, ఏ ఆధారాన్ని అందరూ వాడుకున్నారు, దేన్ని ఎవరూ ముట్టలేదు అన్న క్రమంలో రాయండి. అప్పుడు చివరి పేరాలో మీ ప్రశ్న దానంతట అది నిలబడుతుంది. ‘ఎవరూ చేయలేదు’ అని చెప్పుకోవలసిన అవసరం రాదు. ఆచార్యులు పేర్కొన్న ఆ రెండు గ్రంథాలను చదివి, అవి ఆగిన చోటును చూపిస్తూ తిరిగి రాయండి. వారు మీకు అడ్డు పెట్టలేదు, తోవ చూపించారు.

ప్రశ్న: మా తెలుగు శాఖ ఇచ్చిన నమూనా పత్రంలో ‘పరికల్పన’ (హైపోథిసిస్, అంటే ఆధారాలతో పరీక్షించి చూడవలసిన ఊహ) అనే శీర్షిక ఉన్నది. సాహిత్య పరిశోధనకు పరికల్పన ఎక్కడి నుంచి తేవాలి? సైన్సు వారి పద్ధతిని మా మీద రుద్దుతున్నారనిపిస్తున్నది.
— ఒక పరిశోధకుడు, నాంపల్లి

జవాబు: మీ అసంతృప్తిలో కొంత న్యాయం ఉన్నది. ఒక కవి రచనలను సేకరించి పాఠాన్ని పరిష్కరించే పనికి పరికల్పన అక్కరలేదు. అలాంటప్పుడు ఆ శీర్షిక కింద మీ పరిశోధన ప్రశ్నలను రాసి, ఇవి పరికల్పన స్థానంలో ఉన్నవని ఒక వాక్యం చేర్చితే చాలా శాఖలు అంగీకరిస్తాయి. కానీ పరికల్పన సాహిత్యానికి పరాయిది అన్న మాటతో మాత్రం నేను ఏకీభవించలేను.

మన హైదరాబాదులోనే జరిగిన సంగతి చూడండి. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాట ఒకటి అచ్చులో వచ్చినప్పుడు, 1926 నుంచి గోలకొండ పత్రికను నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి గారు వాదానికి దిగి ఊరుకోలేదు. ఊరూరా కవుల నుంచి పద్యాలను సేకరించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. ఆయన దాన్ని పరిశోధన ప్రతిపాదనగా రాయలేదు గానీ, దాని నిర్మాణం మాత్రం అదే: పరీక్షకు పెట్టగల ఒక వాక్యం, దాన్ని తప్పని నిరూపించగల ఆధారం ఏమిటో ముందే తెలిసి ఉండడం, ఆ ఆధారాన్ని సేకరించే పద్ధతి. ‘తెలంగాణ కవిత్వం గొప్పది’ అనేది పరికల్పన కాదు, ఎందుకంటే దాన్ని తప్పని చూపించగల ఆధారాన్ని మీరు ఊహించలేరు. ‘ఈ పదేళ్లలో ఈ పత్రికలో వచ్చిన కథల్లో పాత్రల సంభాషణ ప్రాంతీయ భాషలోకి మారినా, కథకుని భాష మారలేదు’ అన్నది పరికల్పన. సంచికలు తిరగేస్తే అది నిలుస్తుందో కూలుతుందో తేలుతుంది. కూలితే పరిశోధన విఫలమైనట్టు కాదు. ఆ సంగతి చాలామంది విద్యార్థులకు ఎవరూ చెప్పరు, అందుకే వారు తప్పు కాలేని వాక్యాలను వెతుక్కుంటారు.

ప్రశ్న: మా గైడుగారు తాము చేస్తున్న ప్రాజెక్టులోని ఒక భాగాన్నే నా అంశంగా తీసుకోమంటున్నారు. నాకు వేరే ఆసక్తి ఉన్నది. ఏం చేయాలి?
— పేరు వద్దన్న పాఠకురాలు, తార్నాక

జవాబు: వెంటనే కాదనకండి. పర్యవేక్షకులకు బాగా తెలిసిన అంశమైతే మీ ముసాయిదాను వారు శ్రద్ధగా చదువుతారు, ఆధారాలు ఎక్కడున్నాయో చెప్పగలుగుతారు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది దాకా పరిశోధకులు ఉండవచ్చు కనుక ఆ శ్రద్ధ చిన్న విషయం కాదు. అయితే వారి అంశంలో మీ సొంత ప్రశ్న ఒకటి దొరుకుతుందా అని పదిహేను రోజులు చూడండి. దొరికితే దాన్ని ఒక పేజీలో రాసి చూపించండి. దొరకకపోతే మీ ఆసక్తినే అదే విధంగా ఒక పేజీలో రాసి, ఆధారాలతో సహా వారి ముందు పెట్టండి. నోటిమాటగా ‘నాకు ఇష్టం లేదండీ’ అన్నదానికీ, కాగితం మీద పెట్టిన ప్రత్యామ్నాయానికీ గైడుగారు స్పందించే తీరు వేరుగా ఉంటుంది.

ప్రశ్న: నేను ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి దరఖాస్తు చేస్తున్నాను. నగరంలో ఆహారం, సరుకులు చేరవేసే డెలివరీ కార్మికుల పని పరిస్థితులు నా అంశం. 500 మందితో ప్రశ్నావళి నింపించి, వారందరినీ ఇంటర్వ్యూ చేస్తానని రాశాను. పద్ధతి భాగం బలహీనంగా ఉన్నదన్నారు. సంఖ్య పెంచాలా?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: పెంచకండి, ముందు లెక్క వేయండి. ఒక్కొక్కరితో ముప్పావు గంట మాట్లాడినా 500 మందికి 375 గంటలు పడుతుంది. ఉద్యోగం ముగిశాక రోజుకు ఇద్దరిని కలవగలిగారనుకున్నా 250 సాయంత్రాలు, అదీ ఒక్క సాయంత్రం కూడా వర్షం పడకుండా, ఎవరూ మాట తప్పకుండా ఉంటే. ఇక రికార్డు చేసిన ఒక గంట మాటలను కాగితం మీదికి ఎక్కించడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఈ లెక్కను కమిటీ వారు మనసులోనే వేసుకుని ఉంటారు, అందుకే బలహీనమన్నారు. సంఖ్య పెద్దదైతే పరిశోధన బలపడుతుందన్న నమ్మకం మన సాంఘిక శాస్త్రాల విద్యార్థుల్లో గట్టిగా పాతుకుపోయింది.

మీ ప్రశ్న ఏమిటన్నదాన్ని బట్టి సంఖ్య తేలాలి. నగరంలో ఎంత శాతం మంది రోజుకు పది గంటలకు మించి పనిచేస్తున్నారన్నది మీ ప్రశ్న అయితే చిన్న ప్రశ్నావళితో పెద్ద నమూనా కావాలి, కానీ ఆ నమూనాను ఏ జాబితా నుంచి ఎంచుకుంటారన్న ఇబ్బంది వస్తుంది. కార్మికుల పూర్తి జాబితా కంపెనీల దగ్గర ఉంటుంది గానీ మీ దగ్గర ఉండదు. మాదాపూర్‌లో ఒక హోటల్ ముందు నిలబడి దొరికినవారిని అడిగితే అది మాదాపూర్‌లో ఆ హోటల్ ముందు ఆగినవారి సంగతి మాత్రమే అవుతుంది. అలా కాక, ఆర్డరు ఆలస్యమైనప్పుడో, కంపెనీ యాప్‌లో తమ ఐడీ ఆపేసినప్పుడో వారు ఏం చేస్తారు, ఎవరిని ఆశ్రయిస్తారు అన్నది మీ ప్రశ్న అయితే, మూడు నాలుగు ప్రాంతాల్లో పాతిక ముప్ఫై మందితో నిదానంగా, ఒక్కొక్కరితో రెండేసి సార్లు మాట్లాడడం మేలు. మీరు రాసిన ఉత్తరాన్ని బట్టి మీ ఆసక్తి రెండోదాని మీదే ఉన్నదనిపించింది.

మరో రెండు విషయాలు పద్ధతి భాగంలో తప్పక ఉండాలి. మొదటిది భాష. మీరు కలిసేవారిలో తెలుగువారు, దక్కనీ ఉర్దూ మాట్లాడేవారు, ఉత్తరాది నుంచి వచ్చినవారు ఉంటారు. ప్రశ్నావళి ఏ ఏ భాషల్లో ఉంటుందో, ఎవరు అనువదిస్తారో, పదిమందితో ముందుగా పరీక్షించి చూస్తారో లేదో రాయండి. రెండోది వారి భద్రత. మీతో మాట్లాడినందుకు ఒకరి ఐడీ పోతే ఆ నష్టం మీది కాదు, వారిది. పేర్లు నమోదు చేయనని, కంపెనీకి తెలిసేలా ఏ వివరమూ రాయనని, మాట్లాడడానికి ముందే వారి భాషలో వివరించి అనుమతి తీసుకుంటానని, వద్దన్నవారిని వదిలేస్తానని స్పష్టంగా చెప్పండి. వారి సమయం ఆర్డర్లతో ముడిపడినది కనుక, ఆర్డర్లు ఎక్కువగా వచ్చే భోజన వేళల్లో కాక మధ్యాహ్నం మూడు, అయిదు గంటల మధ్య కలుస్తానని రాసినా మీరు ఆలోచించారన్న సంగతి కమిటీకి అర్థమవుతుంది.

కాలపట్టిక విషయంలో కూడా ఇదే నిజాయితీ కావాలి. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం కోర్సు వర్కుతో కలిపి పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. పార్ట్‌టైమ్ వారు యాజమాన్యం నుంచి నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. అది చేతికి రావడానికి పట్టే వారాలను కూడా లెక్కలో ఉంచుకోండి. ఉద్యోగస్తులు 3 ఏళ్ల పట్టిక వేస్తే కమిటీ నవ్వుకుంటుంది. నాలుగున్నర ఏళ్లకు వేసి, అందులో రాతకే ఏడాదిన్నర కేటాయించండి.

ప్రశ్న: డబ్బు తీసుకుని ప్రతిపాదన రాసిచ్చేవారు ఉన్నారు. ఏఐతో కూడా కొందరు రాయించుకుంటున్నారు. ప్రవేశానికే కదా, తరువాత నేనే పరిశోధన చేస్తాను అనుకుంటే తప్పేమిటి?
— ఒక పాఠకుడు, అమీర్‌పేట

జవాబు: ఆ ప్రతిపాదనతో ఇంటర్వ్యూలో కూర్చునేది మీరు. ఉపయుక్త గ్రంథాల జాబితాలో మూడో పుస్తకాన్ని ఎక్కడ చూశారని అడుగుతారు. ఏఐ ఇచ్చిన జాబితాల్లో అసలు లేని పుస్తకాలు కూడా ఉంటాయి కనుక ఆ పుస్తకాన్ని ఎవరూ చూసి ఉండరు. తరువాత సమర్పించే సిద్ధాంత గ్రంథానికి యూజీసీ 2018 నిబంధనలు వర్తిస్తాయి: ఇతరుల రచనతో పోలిక 10 శాతం దాటితే సవరించి తిరిగి ఇవ్వాలి, 40 దాటితే ఏడాది పాటు సమర్పించే వీలుండదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చుకుంటే యంత్రం పట్టుకోదని కొందరి ధీమా. పట్టుకునేది యంత్రం కాదు, ఆ ఇంగ్లీషు వ్యాసాన్ని చదివిన పరీక్షకులు.

ప్రశ్న: ప్రతిపాదన ఎన్ని పేజీలు ఉండాలి? శీర్షిక ఎప్పుడు ఖరారు చేసుకోవాలి?
— పలువురు

జవాబు: పేజీల సంఖ్య మీ శాఖ ఇచ్చే నమూనాలో ఉంటుంది, ఆఫీసులో అడిగి తీసుకోండి, సీనియర్ల పాత ప్రతిని నమ్ముకోవద్దు. నమూనాలో ఏమీ చెప్పకపోతే, ప్రశ్నకూ పద్ధతికీ కలిపి సగం కన్నా ఎక్కువ చోటు దక్కేలా చూసుకోండి. విషయ ప్రాముఖ్యం గురించిన ఉపోద్ఘాతం ఒక పేజీ దాటనవసరం లేదు. శీర్షికను అన్నీ రాసిన తరువాత, చివరి రోజున రాయండి, అందులో కాలం, చోటు, ఆధారం ఈ మూడింటిలో కనీసం రెండైనా కనిపించాలి. రిజిస్ట్రేషన్ అయ్యాక శీర్షిక మార్చాలంటే మళ్లీ కమిటీ అనుమతి కోసం తిరగవలసి వస్తుంది.